ఇంగ్లీషులో సంకల్పం: ఒక అర్చకుడి చాప్లెయిన్ సర్టిఫికేషన్‌పై కేస్ స్టడీ

మా స్కూల్లో చేరిన రోజు పంతులుగారు నా ముందు పెట్టిన ఫైలులో మూడే కాగితాలున్నాయి. ఒకటి తిరుపతి సంస్కృత విద్యాపీఠం ఇచ్చిన ఆచార్య పట్టా. రెండోది గుడి ట్రస్టు లెటర్‌హెడ్ మీద 'ఈయన మా దగ్గర ఏడేళ్లుగా అర్చకులు' అన్న రెండు వాక్యాలు. మూడోది లామినేషన్ చేయించిన ఫొటో. గోదావరి గట్టు పక్కన ఒక పెంకుటింటి అరుగు, దాని మీద పదకొండు మంది పిల్లలు, మధ్యలో గురువుగారు. "పన్నెండేళ్ల వేదాధ్యయనానికి నా దగ్గరున్న సర్టిఫికెట్ ఇదేనమ్మా" అన్నారు.

అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. న్యూజెర్సీలో ఒక గుళ్లో అర్చకత్వం, శనాదివారాలు గృహప్రవేశాలు, సత్యనారాయణ వ్రతాలు. రెలిజియస్ వర్కర్ వీసా మీద వచ్చి, గ్రీన్ కార్డు అందుకుని అప్పటికి కొద్ది నెలలే. ఆ వీసా మీద ఉన్నన్నాళ్లూ పిటిషన్ వేసిన గుడి తప్ప ఇంకోచోట జీతం తీసుకునే వీల్లేదు. కార్డు చేతికి రాగానే ఆయన చేసిన మొదటి పని మా ఆఫీసుకు రావడం. ఆసుపత్రిలో చాప్లెయిన్ అవుతానన్నారు.

నేను ఆ పనిలోనే ఉన్నదాన్ని. పదహారేళ్లు ఆసుపత్రి చాప్లెయిన్‌గా చేసి, తర్వాత ఒక చిన్న సర్వమత విద్యాలయంలో కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ (పనిలో ఉంటూనే కొనసాగించే చదువు), సర్టిఫికేషన్ విభాగం చూస్తున్నాను. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు గుంటూరులో దిగిన తర్వాత తయారైన సంఘాల్లోని మనుషులం. అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆ వార్డుల్లో మంచం మంచానికీ తిరిగే బైబిల్ స్త్రీలను చూస్తూ పెరిగాను. అలాంటి నా దగ్గరికి యజుర్వేద పండితుడొకాయన "మీరే దారి చూపించాలి" అంటూ వచ్చారు. ఇది 2017 మాట. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. రోగుల వివరాలు గుర్తుపట్టలేనంతగా మార్చాను.

ముందు చాప్లెయిన్ అంటే ఎవరో చెప్పాలి. మనవాళ్లకు ఆ మాట వినగానే మిలిటరీ పాస్టరో, కాన్వెంటు ఫాదరో గుర్తొస్తారు. అమెరికా ఆసుపత్రిలో చాప్లెయిన్ ఏ మతం రోగి దగ్గరికైనా వెళ్తాడు, మతం లేనివాళ్ల దగ్గరికీ వెళ్తాడు. మతం మార్చడానికి వెళ్లడు. బైపాస్ ముందు రాత్రి నిద్రపట్టని మనిషి పక్కన కూర్చుంటాడు. వెంటిలేటర్ తీసేసే ముందు కుటుంబంతో నిలబడతాడు. రాత్రి రెండింటికి పేజర్ మోగితే వెళ్తాడు. ఈ పనికి శిక్షణ పేరు సీపీఈ, క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్. 1925 వేసవిలో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక ఆసుపత్రిలో ఆంటన్ బోయిసెన్ అనే ఆయన నలుగురైదుగురు విద్యార్థులతో మొదలుపెట్టాడు. ఆయన స్వయంగా మానసిక వ్యాధితో ఆసుపత్రిలో గడిపినవాడు. దేవుడి గురించి పుస్తకాల్లో చదివినట్టే బతికున్న మనిషినీ ఒక గ్రంథంలా చదవాలన్నది ఆయన పట్టు. సీపీఈలో ఒక యూనిట్ అంటే 400 గంటలు. అందులో కనీసం 100 గంటలు గ్రూపులో, సూపర్‌వైజర్‌తో చదువు. మిగతాదంతా వార్డుల్లోనే.

ఇక కాగితాల గందరగోళం. మా దగ్గరికొచ్చే ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే బోల్తా పడతారు. మా పంతులుగారి విషయంలో నేనే పడ్డాను. ఆ సంగతి ముందుకెళ్లాక చెప్తాను.

సర్వమత విద్యాలయాలు అమెరికాలో కొత్తేమీ కాదు. న్యూయార్క్‌లో రబ్బీ (యూదు మతగురువు) జోసెఫ్ గెల్బర్‌మన్ ప్రారంభించిన న్యూ సెమినరీ 1979 నాటిది. ఆ దారిలో తర్వాత ఇంకొన్ని వచ్చాయి. మాది వాటిలో చిన్న తరహాది. ఏడాదో రెండేళ్లో చదివితే ఒక సర్టిఫికెట్ ఇస్తాం, కోరినవాళ్లకు సర్వమత మినిస్టరుగా ఆర్డినేషన్, అంటే మతగురువు హోదా, ఇస్తాం. ఆ ఆర్డినేషన్‌తో పెళ్లిళ్లు చేయించవచ్చు. కానీ అది డిగ్రీ కాదు. బెర్క్‌లీలో 1962 నుంచి నడుస్తున్న గ్రాడ్యుయేట్ థియొలాజికల్ యూనియన్, 1833 నాటి హార్ట్‌ఫర్డ్ లాంటివి గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు. అవి డిగ్రీలిస్తాయి. డిగ్రీ ఉన్నా చాప్లెయిన్ అయిపోరు. ఆపైన మీ మత సంస్థ 'ఈయన మావాడే, ఈ పనికి మేం పంపుతున్నాం' అని ఎండార్స్‌మెంట్ ఇవ్వాలి. దానితోపాటు నాలుగు యూనిట్ల సీపీఈ, అంటే 1600 గంటలు. మేం వెళ్లిన సర్టిఫికేషన్ సంస్థ ఇంకో 2000 గంటల ఉద్యోగానుభవం అడిగింది. ఇవన్నీ అయ్యాకే బోర్డు సర్టిఫికేషన్ ఇంటర్వ్యూ. డ్రైవింగ్ స్కూలు వాడిచ్చే కాగితానికీ ఆర్టీఏ లైసెన్సుకూ ఉన్న తేడా లాంటిదే. కాకపోతే ఇక్కడ మధ్యలో ఇంకో మూడు కౌంటర్లుంటాయి.

కాథలిక్కులకు వాళ్ల చాప్లెయిన్ల సంఘం ఉంది, సర్టిఫికేషన్ అదే ఇస్తుంది. యూదులకూ అంతే. హిందువు మాత్రం అందరి కోసం పెట్టిన కౌంటర్లోనే నిలబడాలి. అందరి కోసమన్నా ఆ ఫారాలు తయారైంది మూడేళ్ల సెమినరీ డిగ్రీ చేతిలో ఉన్న ప్రొటెస్టెంట్ పాస్టర్ని ఊహించుకునే. కోపంతో అంటున్న మాట కాదిది. ఆ ఫారం నాకు కుట్టించినట్టు సరిపోయింది కాబట్టి నాకు తెలుసు.

పంతులుగారు మా సర్టిఫికెట్ కోర్సూ, దగ్గర్లోని ఆసుపత్రిలో మొదటి సీపీఈ యూనిట్టూ పక్కపక్కనే చేశారు. గ్రూపులో ఆరుగురు. ఒక కాథలిక్ సిస్టర్, ఒక పెంతెకొస్తు పాస్టర్, రబ్బీ చదువు చదువుతున్న కుర్రాడు, ఒక ముస్లిం మహిళ, ఏ మతమూ లేదని చెప్పుకునే ఒక రిటైర్డ్ టీచర్, ఈయన. రెండో వారంలోనే నాకు ఫోను. "అమ్మా, ఈ పని నావల్ల కాదేమో."

జరిగింది ఇది. డయాలిసిస్ మీద ఉన్న బాప్టిస్టు పెద్దాయన ఒకరు మాటలన్నీ అయ్యాక ఈయన చెయ్యి పట్టుకుని "నాకోసం ప్రార్థన చెయ్యి" అన్నాడు. పంతులుగారి నోట మాట రాలేదు. రుద్రం చెప్పమంటే నిద్రలో చెప్తారు. కానీ ఆ మనిషికి అది అర్థం కాదు, ఆయన అడిగిందీ అది కాదు. అప్పటికప్పుడు సొంత మాటల్లో, ఇంగ్లీషులో, పేరు పెట్టి దేవుడితో మాట్లాడమంటున్నాడు. మా చర్చిల్లో ఆరేళ్ల పిల్ల కూడా లేచి చేస్తుంది ఆ పని. ఈయన పెరిగిన చోట మంత్రంలో ఒక్క స్వరం తప్పితే గురువుగారు మొదటికి తీసుకెళ్లేవారు. సొంత మాట కలపడం అక్కడ తప్పుల్లోకెల్లా పెద్ద తప్పు. చివరికి ఆయన ఆ పెద్దాయన చెయ్యి అలాగే పట్టుకుని మౌనంగా నిలబడి, నమస్కారం పెట్టి వచ్చేశారట.

నేను ఆయనకు మా పద్ధతి నేర్పబోయాను. సంబోధన, కృతజ్ఞత, విన్నపం, ఆమెన్. రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నాను. ఆయన నోట్లో అది పరాయిగా ఉంది, నాకే వినబుద్ధి కాలేదు. మూడోసారి కూర్చున్నప్పుడు అడిగాను. "పంతులుగారూ, మీ పూజలో మనిషి మనిషికీ మారే భాగం ఏదీ లేదా?"

ఒక్క క్షణం ఆలోచించి "సంకల్పం" అన్నారు.

వివరంగా చెప్పమన్నాను. నాకు అసలు తెలియదు మరి. ఏ కర్మకైనా ముందు ఎక్కడ కూర్చున్నామో, ఏ కాలమో, ఎవరం, ఎందుకు చేస్తున్నామో చెప్పుకుంటారు. ద్వీపం నుంచి మొదలుపెట్టి సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, తిథి, వారం, నక్షత్రం దాకా వచ్చి, ఆ పైన గోత్రం, పేరు, కోరిక. మనదేశంలో 'జంబూద్వీపే' అనే చోట అమెరికా గుళ్లలో 'క్రౌంచద్వీపే' అంటారట. చోటు మారితే మాటా మారాలి కదా అన్నారు. నేను బల్ల మీద చరిచినంత పని చేశాను. సొంత మాటల ప్రార్థన తన సంప్రదాయంలో లేదనుకుంటున్న మనిషి రోజుకు ఇరవైసార్లు అదే పని చేస్తున్నాడు. సంస్కృతంలో చేస్తున్నాడు కాబట్టి కనిపించలేదంతే.

ఆ బాప్టిస్టు పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్లారు. వారం, పూట చెప్పారు. ఏడో అంతస్తు అన్నారు, కిటికీలోంచి కనిపించే నది పేరు చెప్పారు, ఆయన పేరు, ఆయన భార్య పేరు చెప్పారు, వచ్చే నెల మనవరాలి గ్రాడ్యుయేషన్‌కు కూర్చోగలిగే బలం కావాలని అడిగారు. అంతే. పెద్దాయన ఆమెన్ అన్నాడు. సూపర్‌వైజర్ ఆ వారం నాకు ఒకే వాక్యం మెయిల్ చేసింది. మీ పంతులుగారికి దారి దొరికింది అని.

దొరికిన దారిలో రాళ్లు లేవని కాదు. సీపీఈలో అసలు పరీక్ష వెర్బేటిమ్. రోగితో జరిగిన సంభాషణను బయటికొచ్చాక గుర్తు తెచ్చుకుని, ఎవరేమన్నారో వరుసగా నంబర్లు వేసి రాసి, గ్రూపులో చదవాలి. అందరూ దాన్ని విప్పి చూస్తారు. ఆయన నాలుగో వెర్బేటిమ్ ఇప్పటికీ మా క్లాసులో వాడతాం, వివరాలు మార్చి.

ప్రసూతి వార్డు. ఇరవై తొమ్మిదేళ్ల తెలుగమ్మాయి. ఐదో నెల దాటాక బిడ్డ పోయింది. పక్కన ఖమ్మం నుంచి పురిటికి సాయం కోసమని వచ్చిన తల్లి. తెలుగు చాప్లెయిన్ ఉన్నాడని నర్సు సంతోషంగా ఈయన్ని పిలిపించింది. ఈయన్ని చూడగానే తల్లి ఘొల్లుమంది. "ఏ పాపం చేశామండీ మేము?" పంతులుగారు ఊళ్లో ఎన్ని వందల ఇళ్లలో అన్నారో, ఆ మాటే అన్నారు. "ప్రారబ్ధం తల్లీ. అనుభవిస్తేనే తీరుతుంది." తల్లి తలాడించింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నెమ్మదించింది. ఇది ఏడో పంక్తి. ఎనిమిదో పంక్తిలో ఆయన రాసుకున్నది: 'రోగి గోడ వైపు తిరిగి పడుకుంది. అలసిపోయి ఉంది.'

గ్రూపులోని ముస్లిం మహిళ అడిగిందట. "ఎనిమిదో లైన్లో ఆ అమ్మాయి గోడ వైపు తిరిగింది. ఏడో లైన్లో నువ్వేమన్నావు?"

ఆయన సంచితం, ఆగామి, ప్రారబ్ధం అంటూ మూడు రకాల కర్మల గురించి పావుగంట చెప్పారు. ప్రారబ్ధమంటే తప్పు మోపడం కాదని, నిజానికి అది 'ఇందులో ఇప్పుడు నువ్వు చేయగలిగింది ఏమీ లేదు' అని భారం దించే మాటని వాదించారు. శాస్త్రం ప్రకారం ఆయన చెప్పింది కరెక్టే. సూపర్‌వైజర్ అంతా విని, నువ్వు చెప్పిందంతా నిజమే అయ్యుండొచ్చు, ఆ గదిలో మంచం ఎవరిది అని అడిగింది.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఆయన టీ ఇస్తే తాగారు. అంతకుముందు మా ఇంట్లో మంచినీళ్లు తప్ప ముట్టలేదు, నేనెప్పుడూ అడగనూ లేదు. వెళ్లే ముందు "తల్లికి చెప్పిన మందు కూతురికి విషమైందమ్మా" అన్నారు. నాకు ఇక్కడ ఒక అభిప్రాయం ఉంది, మా తోటి టీచర్లు కొందరు ఒప్పుకోరు. ఆయన ఆ మాట ఎప్పటికీ అనకూడదని నేను చెప్పలేదు. ఆ తల్లికి అది నిజంగా ఊరట. మనవాళ్లలో ఆ తరానికి దాన్ని మించిన ఓదార్పు మాట లేదు. దాన్ని నిషేధించి 'మీకెలా అనిపిస్తోంది' అని అడగమని నేర్పితే ఆ ఖమ్మం తల్లికి చాప్లెయిన్ అక్కర్లేదు, వెర్రిబాగులవాడిలా కనిపిస్తాడు.

మర్నాడు ఆయన మళ్లీ వెళ్లారు. తల్లి క్యాంటీన్‌కు వెళ్లిన సమయం. కుర్చీ లాక్కుని కూర్చున్నారు, ఇరవై నిమిషాలు ఏమీ అనలేదు. ఆ అమ్మాయే ఇంగ్లీషులో అడిగింది. "బేబీకి పేరు పెట్టుకోవచ్చా?" నామకరణం పదకొండో రోజు తర్వాతి మాట. అలా పోయిన శిశువుకు సంస్కారాలేవీ లేవు. ఇదంతా ఆయనకు తెలుసు. తెలిసీ "ఏం పేరనుకున్నావమ్మా?" అన్నారు. ఆ పేరు పలికి సంకల్పం చెప్పారు. వారం, పూట, గది, తల్లి పేరు, తండ్రి పేరు, బిడ్డ పేరు. కోరిక దగ్గరికొచ్చేసరికి ఏం అడగాలో తెలియక ఆగిపోయారట. ఆ అమ్మాయే పూర్తిచేసింది. ఏమని అడిగిందో ఆయన వెర్బేటిమ్‌లో రాయలేదు. గ్రూపు కూడా అడగలేదు.

ఇంతకంటే మొండి సమస్య మైల. ఇది మా సిలబస్‌లో ఎక్కడా లేదు. నాకు తెలిసి ఎవరి సిలబస్‌లోనూ లేదు. పొద్దున ఐసీయూలో ఒకరు పోయిన గదిలో నిలబడిన మనిషి సాయంత్రం గర్భగుడిలోకి ఎలా వెళ్తాడు? మన దగ్గర అపరకర్మలు చేయించేవాళ్లు వేరు, గుళ్లో అర్చకత్వం చేసేవాళ్లు వేరు. ట్రస్టులో ఒక పెద్దాయన సూటిగానే అడిగారు. స్నానం చేస్తే పోతుంది కదా అని నేను తేలిగ్గా అన్నాను. అది తేలిక విషయం కాదని పంతులుగారి ముఖం చూశాక అర్థమైంది. ఆర్నెల్లు ఆయన ఆసుపత్రి షిఫ్టు అయ్యాక ఇంటికెళ్లి, తలస్నానం చేసి, జంధ్యం మార్చుకుని, మళ్లీ నలభై నిమిషాలు డ్రైవ్ చేసి గుడికెళ్లేవారు. డిసెంబరు చలిలో కూడా. చివరికి ఆయనే దారి వెతుక్కున్నారు. గర్భగుడి సేవ ఇంకో అర్చకుడికి అప్పగించి, తను బయటి పూజలకు, ఇళ్లలో కార్యక్రమాలకు మారారు. సంభావనలు తగ్గాయి. ఇంట్లో ఆవిడ ఊరుకున్నా, రాజమండ్రిలో ఉన్న వాళ్ల నాన్నగారు చాలాకాలం ఫోన్లో సరిగా మాట్లాడలేదు. సర్టిఫికేషన్ ఖర్చెంత అని ఎవరైనా అడిగితే ఫీజుల పట్టిక ఇస్తాం. ఈ ఖర్చు ఆ పట్టికలో ఉండదు.

ఇప్పుడు నా తప్పు. 2019 చివర్లో ఆయన చదువు అర్హతల ఫైలు సిద్ధం చేశాం. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి 72 క్రెడిట్ల పీజీ స్థాయి చదువు, లేదా దానికి సమానమైనది చూపించాలి. ఆచార్య పట్టా ఉంది. మా రెండేళ్ల సర్టిఫికెట్టూ ఉంది. దాని గంటలను క్రెడిట్లుగా మార్చి నేనే పట్టిక వేశాను. 'ఇది చాలు' అని నేనే ధైర్యం చెప్పాను. ఫైలు వెనక్కొచ్చింది. మా స్కూలుకు అక్రెడిటేషన్ లేదు, కాబట్టి ఆ గంటలు కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ కిందే తప్ప క్రెడిట్ల కింద రావు. నిబంధనల్లో అది స్పష్టంగా రాసి ఉంది. చదివాను కూడా. 'సమానమైనది' అన్న మాటను పట్టుకుని వేలాడాను. ఆయనకు ఒక ఏడాదీ, దరఖాస్తు ఫీజూ పోయాయి. ఆయన ఒక్కమాట అనలేదు. అని ఉంటే నాకు టెన్షన్ కొంత తగ్గేది.

తర్వాత పద్ధతిగా చేశాం. విదేశీ పట్టాలను లెక్కకట్టే ఏజెన్సీకి ఆచార్య మార్కుల జాబితా పంపాం. 48 క్రెడిట్లు లెక్కకొచ్చాయి. మిగిలిన 24 కోసం గుర్తింపు ఉన్న ఒక థియొలాజికల్ స్కూల్లో ఆన్‌లైన్‌లో ఎనిమిది కోర్సులు. వైద్య నీతి, శోకం, కౌన్సెలింగ్, గ్రూపు నడపడం, ఇతర మతాల పరిచయం.

వేదపాఠశాల చదువుకు క్రెడిట్లేమైనా వస్తాయేమోనని ప్రయత్నించాం. ఆయన గురువుగారు అప్పటికి పెద్దవారు. శిష్యుడి కోసం తెలుగులో చేతిరాతతో ఉత్తరం పంపారు. యజుర్వేదంలోని తైత్తిరీయ సంహిత 44 పన్నాలు (అధ్యాయాల్లాంటివి), బ్రాహ్మణం 28, ఆరణ్యకం 10, మొత్తం 82 పన్నాలు, ఆపైన పదం, క్రమం అనే వల్లె పద్ధతులు. నేను అనువదించి పంపాను. ఏజెన్సీ నుంచి ప్రశ్నలు: వారానికి ఎన్ని తరగతి గంటలు? పరీక్ష పత్రాల నకళ్లు ఉన్నాయా? పరీక్ష పత్రమెక్కడ? వేదసభలో పరీక్షాధికారులు ఎక్కడో మధ్యలోంచి ఒక్క పదం అందిస్తే, అక్కడినుంచి ఎత్తుకుని స్వరంతో చెప్పుకుంటూ పోవాలి. అదీ పరీక్ష. పన్నెండేళ్లకు సున్నా క్రెడిట్లు. పంతులుగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. 82 పన్నాలు నోటికి రావడం వల్ల రోగి పక్కన కూర్చోవడం రాదు, నిజమే. హీబ్రూ వ్యాకరణం వల్ల కూడా రాదు. నా డిగ్రీలో హీబ్రూకు క్రెడిట్లొచ్చాయి.

ఎండార్స్‌మెంట్ దగ్గర ఇంకో తంతు. మాకైతే బిషప్పు ఆఫీసుంటుంది. హిందువులకు ఎవరు ఇవ్వాలి? గుడి ట్రస్టు మొదట పంపిన లేఖలో 'ఈయన అన్ని పూజలూ శ్రద్ధగా చేయిస్తారు, భక్తులు సంతృప్తిగా ఉన్నారు' అని ఉంది. హోటల్ మేనేజరుకు ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్‌లా ఉందది. నేను ట్రస్టు మీటింగుకు వెళ్లి కూర్చున్నాను. చైర్మన్ గారు కార్డియాలజిస్టు. ఎండార్స్‌మెంట్ అంటే ఏంటో మూడు నిమిషాల్లో ఆయనే మిగతావాళ్లకు చెప్పారు, ఆసుపత్రిలో చాప్లెయిన్లను రోజూ చూస్తారు కదా. మైల గురించి అడిగిన పెద్దాయనే తీర్మానం ప్రతిపాదించారు. ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

2020 మార్చి నాటికి పంతులుగారు మూడో యూనిట్లో ఉన్నారు. వారం తిరిగేలోగా వెర్బేటిమ్ గ్రూపు జూమ్‌లోకి వెళ్లింది. చాప్లెయిన్లను కోవిడ్ గదుల్లోకి రానివ్వడం మానేశారు. నర్సు ఐప్యాడ్ పట్టుకుంటే ఇంట్లోంచి మాట్లాడాలి. ఏప్రిల్లో ఒక రాత్రి ఆయన ఒకేసారి మూడు తెరల మధ్య ఉన్నారు. ఐసీయూలో అరవై దాటిన తెలుగాయన, న్యూజెర్సీలోనే ఎడిసన్ ఊళ్లో కొడుకు, విజయవాడలో భార్య. విమానాలు లేవు. నోట్లో తులసి తీర్థం పోయించండి అని ఆవిడ ఒకటే వేడుకుంటోంది. ట్యూబు ఉన్న మనిషికి నోట్లో చుక్క కూడా పోయకూడదు. పంతులుగారు నర్సుకు చెప్పారు. నోరు తడిపే స్పాంజి పుల్ల ఉంటుంది కదా, దాన్ని మంచినీళ్లలో ముంచి పెదవులకు అద్దమని. తీర్థం అక్కడ లేదు. ఆయన ఇంట్లో తన ముందున్న చెంబులో నీళ్లు పోసి, తులసి వేసి, తెరకు ఇటువైపు సంకల్పం చెప్పారు. ఆ నర్సు ఫిలిప్పీన్స్ కాథలిక్. అన్నీ అయ్యాక తనూ సిలువ గుర్తు వేసుకుందట. దీపం పెట్టమని ఎవరూ అడగలేదు, అదొక్కటి మేలు. ఆక్సిజన్ ఉన్న గదిలో నిప్పు కుదరదని దుఃఖంలో ఉన్నవాళ్లకు చెప్పడం అంత సులువు కాదు. బ్యాటరీ దీపం చూపిస్తే కొందరు అవమానంగా తీసుకుంటారు.

ఆ రోజుల్లోనే వాళ్ల నాన్నగారు రాజమండ్రి నుంచి ఫోన్ చేసి, "ఫోన్లో అయితే మైల లేదులేరా" అన్నారట. మూడేళ్లలో ఆయన వేసిన మొదటి జోకు.

నాలుగో యూనిట్, కోర్సులు, 2000 గంటలు అన్నీ పూర్తయ్యేసరికి 2022. అర్హతలు ఒక్కొక్కటీ ఎలా సాధించాడో వ్యాసాల్లో రాయాలి, ఆపైన తోటి చాప్లెయిన్ల కమిటీ ముందు ఇంటర్వ్యూ. మొదటిసారి ఇవ్వలేదు. రెండు అర్హతలు చూపించలేదన్నారు. ఒకటి ఆసుపత్రి వ్యవస్థలో చొరవ తీసుకోవడం. నిజమే, ఆయన మీటింగుల్లో నోరు విప్పరు. రెండోది, తన సంప్రదాయానికీ పనికీ మధ్య ఘర్షణ వస్తే ఎలా ఆలోచిస్తాడో చెప్పలేకపోవడం. మైల గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదా అని అడిగాను. "వాళ్లకెందుకమ్మా మన ఇంటి విషయాలు" అన్నారు. ఐదేళ్లు పడ్డ కష్టమంతా, ఆ కమిటీ వినాలనుకున్నదంతా, ఇంటి విషయమని దాచేశారు.

రెండో ఇంటర్వ్యూలో చెప్పారు. మైల గురించి, నాన్నగారి గురించి, ప్రారబ్ధం గురించి. ఆ బిడ్డ పేరు సంగతి వచ్చినప్పుడు కమిటీలో ఒకరు మీ శాస్త్రం దానికి ఒప్పుకుంటుందా అని అడిగారు. "కర్మ చేయొద్దంది శాస్త్రం, చేయలేదు. పేరు పలకొద్దని నేను చదివిన చోట ఎక్కడా లేదు" అన్నారట. గంటలోపే ఫలితం చెప్పారు.

బోర్డు సర్టిఫికేషన్ వచ్చాక చదువు ఆగదు. ఏటా 50 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ చూపించాలి, ఐదేళ్లకోసారి తోటివాళ్ల సమీక్ష. మా స్కూలు నిజంగా పనికొచ్చేది ఈ దశలోనే. నా తప్పు తర్వాత మేం చేసిన మొదటి మార్పు, బ్రోషర్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో 'ఇది డిగ్రీ కాదు, క్రెడిట్లు రావు' అని వేయడం. ఆ ఏడాది అడ్మిషన్లు తగ్గాయి, మా డైరెక్టర్ మొహం చిట్లించింది. రెండో మార్పు, చేరిన నెలలోపే ప్రతి విద్యార్థితో కూర్చుని, వాళ్ల దగ్గర కాగితం లేని చదువు ఏముందో రాయించడం. దానికి క్రెడిట్లు రావని తెలిసీ రాయిస్తున్నాం. కిందటేడు మణిపూర్ నుంచి వచ్చిన ఒక పాస్టరమ్మ తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న ఏడుపు పాటల గురించి ఆరు పేజీలు రాసింది. ఆ ఆరు పేజీలు లేకపోతే ఆవిడకు శోకం గురించి మేమేదో కొత్తగా నేర్పుతున్నామనుకునేవాళ్లం.

పంతులుగారు ఇప్పుడు పూర్తికాలపు చాప్లెయిన్. ఆదివారాలు మాత్రం వ్రతాలు వదల్లేదు. ఈ ఏడాది గంటల జాబితా పోయిన వారం పంపారు. పాలియేటివ్ కేర్ వెబినార్లు, ఒక కాన్ఫరెన్సు, మా దగ్గర రెండు వర్క్‌షాపులు, అన్నీ కలిపి 46. మిగతా నాలుగు గంటలకు 'సంకల్పం, బోధన' అని రాశారు. అంటే మా కొత్త బ్యాచికి ఆయన చెప్పబోయే క్లాసు. పాఠం చెప్పిన గంటలు కూడా చెల్లుతాయి, మొదటిసారి చెప్పినప్పుడు మాత్రమే. క్లాసు ఇంకా జరగలేదు కాబట్టి నేను సంతకం పెట్టలేదు. శనివారం పొద్దున తొమ్మిదింటికి ఉంది. పద్నాలుగు మంది పేర్లిచ్చారు. అందులో ఇద్దరు బాప్టిస్టులు.